“అంతఃకరణ శుద్ధితో” అన్న మాట గురించి

సంపాదకులకు,

అయ్యా,

గత వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు, మతవిశ్వాసం గట్టిగా ఉన్నవాళ్లు ప్రభుత్వ కుర్చీలో కూర్చోదలిస్తే ఆ విశ్వాసాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలని రాశారు. చదవగానే నవ్వొచ్చింది. చెప్పులు విడిచి వెళ్లేది దేవుడి ఇంట్లోకి గాని, మా ఆఫీసులోకి ఎవరైనా చెప్పులు విడిచి రావడం నేనెన్నడూ చూడలేదు. నవ్వు తగ్గాక మాత్రం ఆలోచనలో పడ్డాను. నేను రిజిస్ట్రేషన్ల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, సబ్ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసిన కతోలిక క్రైస్తవురాలిని. ఆయన అడుగుతున్న పని సాధ్యమా, సాధ్యమైనా మంచిదా అన్నది నాకు ఉద్యోగమంతా ఎదురుపడుతూ వచ్చిన ప్రశ్న. ఉత్తరం పొడవైతే మన్నించండి. కుదించక తప్పకపోతే అమెరికా సంగతులు కుదించి మా ఆఫీసు సంగతులు ఉంచండి.

మన మంత్రులు ప్రమాణస్వీకారం చేసేటప్పుడు టీవీల ముందు కూర్చున్న మనందరికీ దాదాపు కంఠతా వచ్చేసిన వాక్యాలలో, తమ కర్తవ్యాలను “శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో” నిర్వహిస్తామన్న మాట ఒకటి ఉంది. రాజ్యాంగం మూడవ షెడ్యూలులో నిర్దేశించిన ప్రమాణం అది. దేవుని సాక్షిగా పెట్టుకోవాలా వద్దా అన్నది ప్రమాణం చేసేవారి ఇష్టానికి వదిలిన రాజ్యాంగం, అంతఃకరణ సంగతిని మాత్రం ఎవరి ఇష్టానికీ వదల్లేదు. దాన్ని గుమ్మం బయట విడిచి వచ్చిన మనిషి ఆ వాక్యం ఎలా పలుకుతాడో నాకు అర్థం కాదు. అయితే అదే ప్రమాణం, భయం గాని, పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా, రాజ్యాంగాన్నీ శాసనాలనూ అనుసరించి అన్ని రకాల ప్రజలకూ న్యాయం చేస్తామని కూడా చెప్పిస్తుంది. నా మనస్సాక్షి ఒకటి చెప్పి, శాసనం మరొకటి చెప్పిన రోజున ఈ రెండు సగాలనూ ఒకే నోటితో ఎలా నిలబెట్టుకోవాలన్నదే అసలు చిక్కు.

కతోలికుల విషయంలో ఈ అనుమానం పాతది. రోములో ఉన్న పోపుగారి మాట వినేవాడు దేశం మాట వింటాడా అన్న ప్రశ్న 1928లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఆల్ స్మిత్‌ను వెంటాడింది, ఆయన ఓడిపోయారు. అదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి జాన్ కెనెడీ 1960 సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు పాస్టర్ల సభ ముందు నిలబడవలసి వచ్చింది. తాను కతోలికుల అభ్యర్థిని కాననీ, డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిననీ, తాను కతోలికుడై ఉండటం వేరే సంగతనీ ఆయన చెప్పుకున్నారు. మతానికీ రాజ్యానికీ మధ్య పూర్తి ఎడం ఉండాలని ఆయనన్న మాటనే అందరూ ఉదహరిస్తారు. నాకు గుర్తుండిపోయింది ఇంకో మాట: మనస్సాక్షినో దేశ ప్రయోజనాన్నో కాలరాయక తప్పని పరిస్థితి తన పదవి వల్ల ఎప్పుడైనా వస్తే రాజీనామా చేస్తాననీ, మనస్సాక్షి ఉన్న ఏ ప్రభుత్వ సేవకుడైనా అదే చేస్తాడని ఆశిస్తున్నాననీ ఆయన అన్నారు. అలాంటి ఘర్షణ వచ్చే అవకాశమే లేదని కూడా ఆ ఊపులోనే అన్నారు. అది ఎన్నికల వేళ కదా.

దస్తావేజు ఎవరి పేరున ఉన్నా స్టాంపు డ్యూటీ ఎవరు కట్టారో చూడటం మా శాఖ అలవాటు. మనస్సాక్షి పేరుతో ఎవరైనా ఒక పని చేసినా, మానినా నేను ముందు చూసేది కూడా అదే. ఆ మనస్సాక్షి ఖరీదు ఎవరు కట్టారు? కుర్చీలో కూర్చున్న మనిషి తన పదవితోనో, ప్రమోషన్‌తోనో, ఓట్లతోనో కట్టుకున్నాడా, లేక ఎదురుగా నిలబడ్డ మనిషి చేత కట్టించాడా? ఈ తేడా చూడకుండా విశ్వాసం ఉన్నవాడు మంచి అధికారి అవుతాడా కాడా అని వాదించుకోవడం వృథా శ్రమ అని నా అభిప్రాయం.

ఈ కొలతకు పునీతులు (సెయింట్లు) కూడా అతీతులు కారు. రాజకీయ నాయకులకూ పాలకులకూ అండగా నిలిచే పునీతుడిగా రెండవ జాన్ పాల్ పోపుగారు 2000 సంవత్సరంలో ప్రకటించిన తామస్ మోర్ ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ వద్ద ఛాన్సలర్‌గా ఉండి, తిరుసభపై, అంటే క్రైస్తవ సంఘంపై, రాజు పెత్తనాన్ని ఒప్పుకోలేక 1532 మే నెలలో పదవి వదులుకున్నాడు. రాజుగారి వివాహం మీద గాని, పెత్తనం మీద గాని బహిరంగంగా ఒక్క మాట మాట్లాడకుండా ఇంట్లో కూర్చున్నా వదల్లేదు. 1535 జులై 6న తల నరికించారు. ఖరీదు మొత్తం తానే కట్టిన మనిషి. కాని అదే మోర్ ఛాన్సలర్‌గా ఉన్న రెండున్నరేళ్లలో ఆరుగురిని మతద్రోహులన్న పేరుతో సజీవంగా దహనం చేశారు, వారి వేటలో ఆయన చేయి కూడా ఉంది. మా దేవాలయాల్లో ఆయన కథ చెప్పేటప్పుడు రెండో సగం చెప్పరు. నేనైతే రెండూ చెప్పాలంటాను, ఎందుకంటే అధికారం చేతిలో ఉన్నప్పుడు మనస్సాక్షి ఎలా ప్రవర్తించిందో, అధికారం పోయాక ఎలా ప్రవర్తించిందో ఒకే మనిషిలో చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది.

ఇక మా ఆఫీసు సంగతి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద మా దగ్గర సబ్ రిజిస్ట్రారే వివాహాధికారి. ఒక వేసవిలో, మా విచారణ (పారిష్) దేవాలయంలో పాటల బృందంలో పాడే అమ్మాయి, వేరే మతానికి చెందిన ఒక అబ్బాయితో కలిసి నోటీసు ఇవ్వడానికి వచ్చింది. ఆమెకు పందొమ్మిదో ఏట దేవాలయంలో పెళ్లి జరిగిందనీ, భర్త కొట్టి పంపేశాడనీ, కోర్టులో విడాకులు వచ్చాయనీ ఊరందరికీ తెలుసు. పీఠం న్యాయస్థానంలో, అంటే బిషప్పుగారి కింద నడిచే తిరుసభ న్యాయస్థానంలో, మాత్రం ఆ పెళ్లి చెల్లదన్న తీర్పు ఇంకా రాలేదు. ఆ తీర్పు రానంత వరకు తిరుసభ దృష్టిలో ఆమె ఇంకా ఆ మొదటి మనిషి భార్యే. కోర్టు డిక్రీ తిరుసభలో చెల్లదు. తిరుసభ న్యాయస్థానం ఇచ్చే తీర్పు కోర్టులో చెల్లదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడుచుకుంటూ ఆ పిల్ల నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

“మేడమ్, ఈ నోటీసు ఎక్కడ అంటిస్తారు?” అని అడిగింది. బోర్డు మీద అని చెప్పాను. “లోపలి వైపు వేయొచ్చా?” అంది. అందరికీ కనబడే చోట వేయాలని చట్టంలోనే ఉందమ్మా అన్నాను. తల ఊపింది. మార్కెట్ విలువల సవరణ ప్రకటనకూ, దళారులను నమ్మవద్దన్న ప్రకటనకూ మధ్య మా అటెండరు ఆ కాగితానికి రెండు గుండు పిన్నులు గుచ్చాడు. ముప్పై రోజులు అది అక్కడే ఉంది. దస్తావేజు లేఖరులు, సాక్షులు, ఈసీల కోసం వచ్చిన వాళ్లు, అందులో మా విచారణ వాళ్లు కూడా, అందరూ చదివారు.

చాలామంది అనుకుంటున్నట్టు నాది ఇందులో వట్టి ముద్ర వేసే పని కాదు. వధూవరులు నా సమక్షంలో, ముగ్గురు సాక్షుల ఎదుట, నిన్ను చట్టబద్ధంగా భార్యగా స్వీకరిస్తున్నాను, భర్తగా స్వీకరిస్తున్నాను అని తమకు తెలిసిన భాషలో చెప్పుకోవాలి. నేను విని, ధ్రువపత్రం రాసి సంతకం చేయాలి. దేవుడు ముడివేసిన దివ్యసంస్కారంగా నేను నమ్మే వివాహ బంధానికి విరుద్ధమైన మాటలను, ఆ బంధం తెగదని నమ్మే నేను, అధికారిగా కూర్చుని వినాలి. ఆ ముప్పై రోజులూ సరిగా నిద్రపోలేదంటే అతిశయోక్తి కాదు. మా విచారణ గురువులను, అంటే పారిష్ ఫాదర్‌ను, అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “ఇది దివ్యసంస్కారమా కాదా అని చట్టం నిన్ను అడగడం లేదు కదమ్మా, చట్టం పెట్టిన షరతులు సరిపోయాయా లేదా అని అడుగుతోంది” అన్నారు. “అయినా మనసు ఒప్పుకోకపోతే మళ్లీ రా” అని కూడా అన్నారు.

మనసు ఒక ఉపాయం చెప్పింది. ఆ రోజు క్యాజువల్ లీవ్ పెడితే సీనియర్ అసిస్టెంటు ఇన్‌ఛార్జిగా ఆ పని కానిచ్చేస్తాడు, నా చేతికి మసి అంటదు. సెలవు చీటీ రాసి సొరుగులో పెట్టుకున్నాను కూడా. దాన్ని చింపేయించింది ఎవరో కాదు, యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పోంతు పిలాతు. ప్రతి ఆదివారం పూజలో అందరం కలిసి చెప్పే మా విశ్వాస సంగ్రహంలో పేరు పెట్టి తలుచుకునే ప్రభుత్వాధికారి ఆయన ఒక్కడే. పని జరగనిచ్చి చేతులు మాత్రం కడుక్కున్నందుకే ఆ పేరు అలా నిలిచిపోయింది. నాకు నిజంగా ఆ పెళ్లి చేయరాని పాపమని తోస్తే నేను ఆ వివాహాధికారి బాధ్యత నుంచే తప్పించమని పైవారికి రాసుకోవాలి, దాని పర్యవసానం భరించాలి. అంత తోచనప్పుడు ఒక్క రోజు సెలవుతో నా పాపభీతిని నా కింది ఉద్యోగి నెత్తిన పెట్టడం భక్తి అనిపించుకోదు. తిరుసభ నీతిబోధలోనే ఈ విషయంలో కొలతలున్నాయి: ఎదుటివారి పనిని తానూ కోరి సహకరించడం వేరు, కోరకుండా, దూరం నుంచి, తగిన కారణం ఉండి తన విధిగా సహకరించడం వేరు. నేను రెండో దానిలో ఉన్నాననుకుని సంతకం చేశాను. తప్పు చేశానేమో అన్న శంక పూర్తిగా పోలేదు.

2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు, స్వలింగ వివాహాలకు లైసెన్సులు ఇవ్వనని భీష్మించి ఐదు రోజులు జైల్లో ఉన్న వార్త వచ్చినప్పుడు నేను మిగతావాళ్ల కంటే ఎక్కువ శ్రద్ధగా చదవడానికి కారణం ఇదే. ఆమె కతోలికురాలు కాదు. కాని నాలాంటి ఉద్యోగి. ఆ సెప్టెంబరులోనే ఫ్రాన్సిస్ పోపుగారు ఆమెను కలిశారు. అమెరికా నుంచి తిరిగి వెళ్తూ విమానంలో విలేకరులు అడిగితే, ఫలానా కేసని అనకుండా, మనస్సాక్షి కారణంగా నిరాకరించడం మానవ హక్కేననీ, అది ప్రభుత్వాధికారికీ ఉంటుందనీ చెప్పారు. ఆమె వైఖరిని సమర్థించినట్టు ఆ భేటీని అర్థం చేసుకోవద్దని వాటికన్ తర్వాత వివరణ ఇచ్చింది. పోపుగారు చెప్పిన హక్కును నేను కాదనను. ప్రపంచంలోని కతోలిక పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లో, ఎవరినీ తమ మనస్సాక్షికి విరుద్ధంగా ప్రవర్తించమని బలవంతపెట్టరాదని ప్రకటించింది. కాని ఆ క్లర్కు తాను ఇవ్వనని ఊరుకోలేదు, తన కింది గుమాస్తాలను కూడా ఇవ్వనివ్వలేదు. తన చేయి వెనక్కి తీసుకోవడం ఒకటి, పక్కవాళ్ల చేతులు కూడా పట్టుకుని ఆపడం ఇంకొకటి. ఆ ఊరివాళ్లు లైసెన్సు కోసం ఎండలో నిలబడి వెనుతిరిగారు. స్టాంపు డ్యూటీ వాళ్లు కట్టారు. తర్వాత అక్కడి ప్రభుత్వం ఆ పత్రాల మీద క్లర్కు పేరు ఉండనవసరం లేదని మార్చి సమస్యను తీర్చింది. మొదటి రోజే ఆలోచించగలిగిన పరిష్కారం అది.

దీనికి పక్కన బెల్జియం రాజు బొదువాన్‌ను పెట్టి చూడండి. 1990లో ఆ దేశపు పార్లమెంటు గర్భస్రావానికి అనుమతిస్తూ బిల్లును ఆమోదించింది. పిల్లలు లేని దంపతులు ఆయనా, రాణి ఫాబియోలా. ఆమెకు ఎన్నోసార్లు గర్భం నిలవలేదు. దేశంలో అందరికీ ఉన్న మనస్సాక్షి స్వేచ్ఛ తనొక్కడికే లేకపోవడం న్యాయమా అని అడుగుతూ, తాను సంతకం పెట్టలేనని రాజు మార్చి 30న ప్రధాని విల్‌ఫ్రీడ్ మార్టెన్స్‌కు లేఖ రాశాడు. అయితే పార్లమెంటు నిర్ణయాన్ని అడ్డుకోవడం తన ఉద్దేశం కాదనీ, దారి వెతకమనీ కోరాడు. ఏప్రిల్ మొదటి వారంలో మంత్రివర్గం, రాజు పరిపాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, చట్టాన్ని తానే జారీ చేసి, ఏప్రిల్ 5న పార్లమెంటు ఉభయసభల చేత ఆయనను తిరిగి గద్దె మీద కూర్చోబెట్టింది. ఇదంతా నాటకమని అప్పట్లో వెక్కిరించినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. కిరీటం తిరిగి వస్తుందన్న హామీ లేకుండానే ఆయన ఆ లేఖ రాశాడు, చట్టం ఒక్క రోజు కూడా ఆగలేదు, ఏ ఆడపిల్లా ఆయన మనస్సాక్షి కోసం ఆసుపత్రి గుమ్మంలో నిలబడలేదు. 2008లో లక్సెంబర్గ్ గ్రాండ్ డ్యూక్ హెన్రీ, రోగి కోరిన మరణాన్ని అనుమతించే చట్టానికి ఆమోదం ఇవ్వనన్నప్పుడు అక్కడివాళ్లు రాజ్యాంగాన్నే సవరించి ఆయన ఆమోదాధికారాన్ని తీసేశారు. అక్కడ ఖరీదు ఆ పదవే కట్టింది. అదీ న్యాయమే.

రాజులకైతే సరే, ఎన్నికైన వాళ్ల మాట? ఇక్కడ నాకు న్యూయార్క్ గవర్నరు మారియో కువోమో మీద మిశ్రమ భావం ఉంది. 1984 సెప్టెంబరులో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ప్రసంగం, గర్భస్రావాన్ని తాను కతోలికుడిగా తప్పని నమ్ముతానని చెబుతూనే, సమాజంలో ఏకాభిప్రాయం లేనప్పుడు తన మతబోధను అందరి మీదా చట్టంగా రుద్దనని వాదించింది. “వ్యక్తిగతంగా నాకు ఇష్టం లేదు, కానీ...” అన్న వరుస ఆనాటి నుంచి కతోలిక నాయకులందరి నోటా అరిగిపోయింది. నేను దాన్ని పూర్తిగా తోసిపుచ్చను. నా సంతకం కూడా ఆ “కానీ” మీదే నిలబడింది కదా. కాని అదే కువోమో మరణశిక్షను తిరిగి తెచ్చే బిల్లు వచ్చిన ప్రతిసారీ, పదవిలో ఉన్న పన్నెండేళ్లూ వీటో చేస్తూ వచ్చారు. ప్రజల్లో ఎక్కువమంది ఆ శిక్షను కోరుతున్నారని తెలిసి కూడా ఏకాభిప్రాయం కోసం ఆగలేదు. 1994లో ఓడిపోయారు, మరుసటి ఏడాదే కొత్త గవర్నరు మరణశిక్షను చట్టం చేశారు. ఏకాభిప్రాయం వాదన ఆయనకు ఒక విషయంలో కవచమై, ఇంకో విషయంలో అక్కరకు రాలేదంటే, లోపల ఆయన నమ్మకాల్లోనే ఏది ఎంత బరువో ఒక తూకం ఉందన్నమాట. ఆ తూకాన్ని బయటికి చెప్పి ఉంటే ఇంకా గౌరవించేదాన్ని.

వర్జీనియా గవర్నరు టిమ్ కేన్ దీనికి తిరగేసిన కథ. మరణశిక్షకు వ్యతిరేకినని చెప్పుకుంటూనే, చట్టాన్ని అమలు చేస్తానని ఎన్నికల్లో మాటిచ్చి, 2006 నుంచి 2010 వరకు తన పాలనలో పదకొండు మరణశిక్షలు అమలు కానిచ్చారు. ఒక్కరి శిక్షను తగ్గించారు. చట్టాన్ని ఆయన గౌరవించారని అందరూ అన్నారు. అన్నవారిలో నేను లేను. వివాహ ధ్రువపత్రం మీద సంతకానికీ, ప్రాణం తీసే ఉత్తర్వు ఆగకుండా చూస్తూ ఉండటానికీ ఒకే కొలత వాడితే ఆ కొలతకు అర్థం ఉండదు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా, తానూ కతోలికుడే, 2002లో ఈ విషయం మొహమాటం లేకుండా చెప్పారు: మరణశిక్ష అనైతికమని నమ్మే న్యాయమూర్తి చట్టాన్ని వంచకూడదు, రాజీనామా చేయాలి. మరణశిక్ష అనైతికమని ఆయన నమ్మలేదు కాబట్టి అది ఆయనకు సులువైన సలహా అనుకోండి. 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు తిరుసభ బోధల అధికారిక గ్రంథమైన సత్యోపదేశంలో ఆ భాగాన్ని మార్చి, మరణశిక్ష ఏ పరిస్థితిలోనూ ఆమోదయోగ్యం కాదని చేర్పించాక ఆ సలహా ఎంతమంది మీద పడుతుందో మరి.

మన సుప్రీంకోర్టులో 2013 నుంచి 2018 వరకు ఉన్న జస్టిస్ కురియన్ జోసెఫ్ కేరళకు చెందిన కతోలికులు. 2015లో పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు న్యాయమూర్తుల సదస్సు పెట్టినందుకు ఆయన అసంతృప్తి తెలుపుతూ రాసిన లేఖ పత్రికల్లో పెద్ద చర్చ అయింది. ఆ లేఖ కంటే నేను గుర్తుపెట్టుకున్నది అదే ఏడాది జులై 28న, 1993 ముంబయి పేలుళ్ల కేసులో దోషి యాకూబ్ మెమన్ ఉరికి రెండు రోజుల ముందు, ఆయన తోటి న్యాయమూర్తితో విభేదించిన సంగతి. తన మతం గురించి ఆయన ఒక్క మాట ఎత్తలేదు. కోర్టులో ఆఖరి అవకాశమైన క్యూరేటివ్ పిటిషన్‌ను విచారించిన ధర్మాసనం కూర్పులో కోర్టు నియమాలు పాటించలేదని అన్నారు. విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది, ఉరి ఆగలేదు. 2018 నవంబరు 28న, పదవీ విరమణకు సరిగ్గా ఒక రోజు ముందు, ఛన్నూలాల్ వర్మ కేసులో ఉరిని జీవితఖైదుగా మార్చే తీర్పులో, మరణశిక్ష ఉండాలా అన్నది పునరాలోచించవలసిన సమయం వచ్చిందని రాశారు. శిక్ష తగ్గించడానికి ఒప్పుకున్న మిగతా ఇద్దరు న్యాయమూర్తులూ ఆ మాటకు మాత్రం ఒప్పుకోలేదు. ఇదంతా ఆయన విశ్వాసం వల్లే జరిగిందని నేను అనను, అనే హక్కు నాకు లేదు. విశ్వాసం ఉన్న మనిషి కోర్టులో కోర్టు భాషే మాట్లాడి, అందరూ తూచి చూడగలిగిన కారణాలే చెప్పి, ఓడితే ఓడటం ఎలా ఉంటుందో చూపడానికి చెప్పాను. మీ పాఠకుడు కోరిన చెప్పుల ఏర్పాటు కంటే ఇది నయం అనుకుంటాను.

ఇంతవరకూ చెప్పినవన్నీ పెద్దల సంగతులు. మా బోటి ఆఫీసుల్లో మనస్సాక్షి ప్రశ్న గర్భస్రావం రూపంలోనో ఉరిశిక్ష రూపంలోనో రాదు, కవరు రూపంలో వస్తుంది. ఆ పాటల బృందం అమ్మాయి పెళ్లి చేయించినందుకు నన్ను నిలదీసిన మా సంఘపెద్ద ఒకాయన, “చెల్లెమ్మా, నువ్వే ఇలా చేస్తే ఎలా? ఆ ఒక్క రోజు సెలవు పెడితే పోయేదిగా” అన్నారు. అదే పెద్ద అంతకు ఏడాది ముందు, నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉన్న స్థలానికి దస్తావేజు చేయించుకోవడానికి వచ్చి, “మనవాళ్లమే కదా, దేవుడి పని అనుకుని కానిచ్చెయ్యి” అన్నారు. నేను చేయలేదు. ఆయన దృష్టిలో రెండుసార్లూ నేను విశ్వాసం లేని మనిషినే. ముప్పై ఏళ్లలో ఆదివారం ప్రసంగాల్లో విడాకుల గురించి విన్నన్ని సార్లలో పదో వంతు కూడా మామూళ్ల గురించి వినలేదు. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసేవాళ్లు వచ్చి మేమేం చేయాలని అడిగితే, బాప్తిస్మ యోహాను ఉద్యోగం మానెయ్యమని చెప్పలేదు. నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. యేసును చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడే గాని, సుంకపు మెట్టు వదిలేస్తానన్నట్టు ఎక్కడా లేదు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న కతోలికులకు సువార్త నేరుగా చెప్పిన మాట ఇంతకంటే ఇంకేముంది?

మన రాష్ట్రాల్లో ఇంకో ముడి కూడా ఉంది, అది పదవి గుమ్మం దగ్గరే పడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాలుగా లెక్క. క్రైస్తవులైన దళితులు మన దగ్గర వెనుకబడిన తరగతుల్లో బి.సి.-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితం. ఎస్సీలకు కేటాయించిన స్థానంలో పోటీ చేయదలిచిన దళిత కతోలికుడు జ్ఞానస్నానాన్ని దాచుకోవాలి, దాచకపోతే పోటీని మరచిపోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ విషయంలో, కేవలం రిజర్వేషన్ కోసం మతం మార్చి చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది. న్యాయస్థానం మాటను నేను ప్రశ్నించడం లేదు. మనస్సాక్షిని గుమ్మం బయట విడిచి రమ్మన్న మీ పాఠకుడికి, ఈ దేశంలో కొందరు నిజంగానే ఆ గుమ్మం దగ్గర తమ పేరూ, తమ గుడీ విడిచి లోపలికి వస్తున్నారని, అది చూడటానికి అంత బాగుండదని మాత్రం చెప్పదలిచాను. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ మన తెలుగువాడని అందరం సంబరపడ్డాం. ఆయన ఎన్నికల్లో పోటీ చేయరు కాబట్టి ఆ కుల ధ్రువపత్రం గొడవ ఆయనకు రాలేదు.

గర్భస్రావ హక్కును సమర్థించే నాయకులకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) ఇవ్వవచ్చా అన్న తగాదా అమెరికా తిరుసభలో ఏళ్లుగా నడుస్తోంది. 2019లో దక్షిణ కరొలినాలో ఒక గురువు జో బైడెన్‌కు ఇవ్వలేదు. 2022లో శాన్ ఫ్రాన్సిస్కో అగ్రపీఠాధిపతి నాన్సీ పెలోసీని తన పీఠంలో స్వీకరించవద్దన్నారు. దాని మీద నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బలిపీఠం దగ్గర ఎవరికి ఏమివ్వాలన్నది ఆ పీఠాల వారి బాధ్యత, నా బల్ల దగ్గర ఎవరికి ఏమివ్వాలన్నది నాది.

కాని సత్ప్రసాదం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ అమ్మాయి ఇప్పటికీ మా దేవాలయానికే వస్తుంది. పాటల బృందం మానేసింది. మానిపించారనడం సరైన మాట. పీఠం న్యాయస్థానంలో ఆమె అర్జీ సంగతి ఇంతవరకు తేలలేదు, అది తేలేవరకు ఆమెకు సత్ప్రసాదం లేదు. ఆదివారం పూజలో సత్ప్రసాదం వేళ అందరూ లేచి వరుసలో నిలబడినప్పుడు ఆమె కుడివైపు చివరి బెంచీలో కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంటుంది. ఆమె వివాహ ధ్రువపత్రం మీద సంతకం నాది. ఆ బెంచీ పక్కగానే నేను వరుసలో ముందుకు నడిచి, నాలుక చాపి సత్ప్రసాదం తీసుకుని, తిరిగి అదే బెంచీ పక్కగా నా చోటుకు వస్తాను. స్టాంపు డ్యూటీ ఎవరు కట్టారని ఇంతసేపు అందరినీ అడిగిన దాన్ని కదా, ఆ నాలుగడుగులూ నడిచేటప్పుడు ఆమె వైపు చూడలేను.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ రిజిస్ట్రారు,
గుంటూరు జిల్లా